తిప్పగలం, జరపలేం: ఫొటోలో వాలిన భవనాన్ని సాఫ్ట్‌వేర్ ఎలా నిలబెడుతుంది

ఎత్తైన భవనం ముందు నిలబడి కెమెరా పైకెత్తి ఫొటో తీస్తే, భవనం వెనక్కి వాలి పైకి పోయేకొద్దీ సన్నబడినట్టు వస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్లైడర్ జరిపితే చాలు, గోడలు నిటారుగా లేచి నిలబడతాయి. బల్ల మీది కాగితాన్ని పక్క నుంచి వాలుగా తీసినా స్కానింగ్ యాప్ దాన్ని చక్కటి దీర్ఘచతురస్రంగా మార్చి చేతికిస్తుంది. అదే ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకుని సెల్ఫీ తీసుకుంటే ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. ఆ స్లైడర్‌ను ఎటు జరిపినా ముక్కు తగ్గదు. గ్రూప్ ఫొటోలో చివరన నిలబడ్డ మనిషి తల పక్కకు సాగిపోతే, అదీ ఆ స్లైడర్‌కు లొంగదు.

ఈ నాలుగింటినీ మనం పర్‌స్పెక్టివ్ డిస్టార్షన్ అనే ఒకే పేరుతో పిలుస్తాం. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే అనుకుంటాం. మొదటి రెండూ నయమై సెల్ఫీ నయం కాకపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డల్లో లేదు, జ్యామితిలో ఉంది. ఫొటో తీసేశాక కూడా సాఫ్ట్‌వేర్ ఆ కెమెరాను తిప్పగలదు. ఉన్నచోటి నుంచి మాత్రం అంగుళం జరపలేదు. ఈ తేడా పట్టుబడితే మిగతా చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి.

## పర్‌స్పెక్టివ్ ఎక్కడి నుంచి వస్తుంది

చీకటి పెట్టెకు సూది బెజ్జం పెడితే ఎదుటి గోడ మీద బయటి దృశ్యం తలకిందులుగా పడుతుంది. కెమెరాకు మూలం అదే. కాంతి బెజ్జం గుండా తిన్నగా పోతుంది కాబట్టి ఒకే నియమం మిగులుతుంది: వస్తువు రెండింతల దూరంలో ఉంటే దాని బొమ్మ సగం, మూడింతల దూరంలో ఉంటే మూడో వంతు. ఇక్కడ దూరమంటే కెమెరా చూస్తున్న దిశలో కొలిచిన లోతు. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

రైలు పట్టాల మధ్య దూరం ఎక్కడైనా ఒకటే. కానీ లోతు పెరిగేకొద్దీ ఆ దూరపు బొమ్మ చిన్నదవుతుంది, చివరకు రెండు పట్టాలూ ఒక బిందువులో కలుస్తాయి. దాన్ని వానిషింగ్ పాయింట్ అంటారు. కెమెరాలో ఆ ఎదుటి గోడ పని చేసే, కాంతిని పట్టే పలకను సెన్సర్ అంటారు. సెన్సర్‌కు సమాంతరంగా ఉన్న గీతలకు మాత్రం ఈ బాధ లేదు. వాటి మీద అన్ని బిందువులూ ఒకే లోతులో ఉంటాయి కాబట్టి అలాంటి సమాంతర రేఖలు ఫొటోలోనూ సమాంతరంగానే ఉంటాయి. గోడకు ఎదురుగా కెమెరాను నిటారుగా పట్టుకుని తీస్తే గోడ అంచులు నిటారుగా రావడానికి కారణం ఇదే. కెమెరా పైకెత్తిన క్షణంలో సెన్సర్‌కూ గోడకూ సమాంతరం తప్పుతుంది, నిలువు గీతలు కూడా రైలు పట్టాలవుతాయి.

ఇందులో ఫోకల్ లెంగ్త్ ప్రస్తావన, అంటే లెన్స్ ఎంత వెడల్పు దృశ్యాన్ని పట్టుకుంటుందో తేల్చే మిల్లీమీటర్ల కొలత ప్రస్తావన, రాలేదని గమనించారా? వైడ్ లెన్స్ పర్‌స్పెక్టివ్‌ను సాగదీస్తుందని, టెలిఫొటో లెన్స్ నొక్కేస్తుందని చాలామంది చెబుతారు. నిలబడ్డ చోటు మారకుండా, కెమెరా చూపు మార్చకుండా 24 మి.మీ. లెన్స్‌తో ఒకటి, 85 మి.మీ. లెన్స్‌తో ఒకటి తీసి, మొదటి దాని మధ్యభాగాన్ని క్రాప్ చేసి పెద్దది చేస్తే రెండింటిలో వస్తువుల మధ్య నిష్పత్తులు అచ్చంగా ఒకటే. తేడా వచ్చేది లెన్స్ మార్చినప్పుడు మనం కూడా ముందుకో వెనక్కో నడుస్తాం కాబట్టి. వైడ్ లెన్స్ మనల్ని వస్తువు దగ్గరికి పిలుస్తుంది. ఆ దగ్గరితనమే ఫొటోలో కనిపిస్తుంది.

## భవనం ఎంత వాలుతుంది: ఒక లెక్క

20 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల వెడల్పు ఉన్న భవనాన్ని ఊహించుకుందాం. దాని ముఖభాగానికి సరిగ్గా ఎదురుగా, 15 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తున కెమెరా ఉంది. సెన్సర్ 36×24 మి.మీ., నిలువుగా పట్టుకున్నాం. లెన్స్ 24 మి.మీ., చిత్రం 4,000 పిక్సెళ్ల వెడల్పు, 6,000 పిక్సెళ్ల ఎత్తు. కెమెరాను సమతలంగా ఉంచితే లెన్స్ పైకి సుమారు 37 డిగ్రీల వరకే చూడగలదు. భవనం పైకొస 51 డిగ్రీల ఎత్తున ఉంది. అందుకని కెమెరాను 30 డిగ్రీలు పైకెత్తాం. భవనం మొత్తం ఫ్రేములో సరిగ్గా ఇమిడింది.

ఇప్పుడు కెమెరా చూపు దిశలో లోతు కొలిస్తే భవనం అడుగు 12.2 మీటర్ల దగ్గర, పైకొస 22.2 మీటర్ల దగ్గర ఉన్నాయి. పైకొస లోతు ఎక్కువ కాబట్టి దాని వెడల్పు అడుగు వెడల్పులో 55 శాతమే కనిపిస్తుంది. పిక్సెళ్లలో చెప్పాలంటే అడుగున 3,920, పైన 2,160. దీర్ఘచతురస్రం కాస్తా ట్రెపీజియం అయింది.

సన్నబడటం కళ్లకు వెంటనే తెలుస్తుంది. దానితోపాటే జరిగే ఇంకో మార్పు అంత తొందరగా తెలియదు. నిలువు కొలత కూడా సమానంగా పంచబడలేదు. ఈ ఫొటోలో భవనం మొత్తం ఎత్తు సుమారు 4,410 పిక్సెళ్లు. అందులో కింది 10 మీటర్లకు 2,840 దక్కితే, పై 10 మీటర్లకు 1,570 మాత్రమే మిగిలాయి. అందుకే పై అంతస్తులు సన్నబడటమే కాక పొట్టివి కూడా అవుతాయి.

దీన్ని లెక్క లేకుండా చూసే పద్ధతి చిత్రకారులకు తెలుసు. ట్రెపీజియానికి రెండు కర్ణాలు గీస్తే అవి ఖండించుకునే చోటే భవనం అసలు మధ్యభాగం. మన ఫొటోలో ఆ బిందువు అడుగు నుంచి 64.5 శాతం ఎత్తున వస్తుంది. పై లెక్కలో వచ్చిన 2,840 కూడా సరిగ్గా అంతే శాతం. దీర్ఘచతురస్రం ఎటు వాలినా తిన్నని గీత తిన్నగానే ఉంటుంది కాబట్టి కర్ణాలు అబద్ధం చెప్పవు.

## గీత వంగితే అది వేరే జబ్బు

తిన్నని గీత తిన్నగానే ఉంటుందన్న ఆ మాటే రెండు జబ్బులను వేరుచేస్తుంది. పర్‌స్పెక్టివ్ వల్ల గీతలు వాలుతాయి, కలుస్తాయి, కానీ విల్లులా వంగవు. గోడ అంచు బయటికి ఉబ్బితే అది బారెల్ డిస్టార్షన్, లోపలికి నొక్కుకుపోతే పిన్‌కుషన్ డిస్టార్షన్. రెండూ లెన్స్ డిజైన్ వల్ల వచ్చే లోపాలు, మీరు నిలబడ్డ చోటుతో వీటికి పనిలేదు. లెన్స్ మోడల్‌ను బట్టి ముందే కొలిచి పెట్టుకున్న ప్రొఫైళ్లతో సాఫ్ట్‌వేర్ వీటిని సరిచేస్తుంది. ఈ దిద్దుబాటు మొదట జరగాలి. వంగిన గీతను ముందే నిలబెట్టబోతే ఏ ముక్కను నిలువు చేయాలో తేలదు, అవశేషంగా ఉండే వంపు ఆ తర్వాత ఏ ప్రొఫైల్‌కూ సరిపడదు.

## నాలుగు మూలలు, ఎనిమిది సంఖ్యలు

వాలిన చతుర్భుజాన్ని దీర్ఘచతురస్రంగా మార్చే గణితానికి హోమోగ్రఫీ అని పేరు. ప్రతి పిక్సెల్ పాత స్థానాన్ని తీసుకుని, కొన్ని గుణకారాలు, కూడికలు చేసి, చివరన ఒక భాగహారంతో కొత్త స్థానం చెబుతుంది. ఆ చివరి భాగహారంలోనే పర్‌స్పెక్టివ్ దాగుంది. లోతు పెరిగితే బొమ్మ తగ్గుతుందన్న మొదటి నియమం కూడా భాగహారమే కదా. భాగించే సంఖ్య ఒక్కో పిక్సెల్ దగ్గర ఒక్కోలా ఉంటుంది. అది లేకుండా చిత్రాన్ని తిప్పొచ్చు, సాగదీయొచ్చు, ఒక పక్కకు ఒరిగేలా నెట్టొచ్చు, కానీ కలుస్తున్న గీతలను విడదీయలేం. సమాంతర రేఖలు సమాంతరంగానే మిగిలే అలాంటి మార్పులను అఫైన్ మార్పులంటారు.

హోమోగ్రఫీని 3×3 పట్టికలో 9 సంఖ్యలుగా రాస్తారు. అన్నింటినీ ఒకే సంఖ్యతో గుణించినా ఫలితం మారదు కాబట్టి నిజంగా తేల్చాల్సినవి 8. ఒక మూల ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో చెబితే రెండు సమీకరణాలు దొరుకుతాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. నాలుగు మూలలతో ఎనిమిదీ తేలిపోతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో పర్‌స్పెక్టివ్ పరికరాలు నాలుగు మూలలనే అడగడానికి కారణం ఇదే. ఏ మూడు బిందువులూ ఒకే గీత మీద లేనంతవరకు నాలుగు చాలు, నాలుగే కావాలి.

వరుసకు వరుసను పక్కలకు సాగదీసి గోడలను నిలువు చేస్తే సరిపోదా అని అడగొచ్చు. అంచులు నిలువవుతాయి, నిజమే. కానీ పై 10 మీటర్లకు దక్కిన 1,570 పిక్సెళ్లు అలాగే ఉంటాయి. పై కిటికీలు చతికిలబడిపోతాయి, గోడ మీద ఏటవాలు గీత ఉంటే అది వంకరవుతుంది. హోమోగ్రఫీ రెండు దిశలనూ కలిపి సరిచేస్తుంది. మన భవనం అడుగు వెడల్పును 3,920 దగ్గరే ఉంచితే దిద్దిన చిత్రంలో ఎత్తు సుమారు 6,530 పిక్సెళ్లవుతుంది. 12కు 20 ఎంతో, 3,920కి 6,530 అంత.

కంప్యూటర్ల కంటే ఈ పని పాతది. 1904లో ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైంప్‌ఫ్లుగ్ పేటెంట్ తీసుకున్నది, గాలిలో నుంచి వాలుగా తీసిన ఫొటోలను లెన్సులు, పలకలు వాల్చి సరిచేసే పద్ధతికే. డార్క్‌రూముల్లో, నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద కాగితపు పలకను ఒక పక్క పైకెత్తి భవనాలను నిలబెట్టడం మామూలు పని. వాలుగా తీసిన నెగెటివ్‌ను ఎదురు వాలు ఇచ్చి వేస్తే ఒక వాలు ఇంకో వాలును కొట్టేస్తుంది. స్లైడర్ చేస్తున్నది అదే.

## దీర్ఘచతురస్రమే, కానీ ఎంత పొడవు, ఎంత వెడల్పు?

నాలుగు మూలలు చూపి ఇది దీర్ఘచతురస్రం అని చెబితే సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. 12కు 20దా, 12కు 16దా అన్నది మనం చెప్పలేదు. దిద్దిన భవనాలు కొన్ని లావుగా, కొన్ని బక్కగా వచ్చేది ఇక్కడే. చాలా పరికరాలు ఎత్తు, వెడల్పుల నిష్పత్తిని సవరించుకోమని విడిగా ఇంకో స్లైడర్ ఇచ్చి చేతులు దులుపుకుంటాయి.

నిజానికి ఈ సమాచారం ఫొటోలోనే దాగి ఉండొచ్చు. లెన్స్ ఫోకల్ లెంగ్త్, సెన్సర్ కొలత తెలిసి, ఫొటోను ముందుగా క్రాప్ చేయకపోతే, నాలుగు మూలల స్థానాల నుంచి అసలు నిష్పత్తిని లెక్కగట్టవచ్చు. క్రాప్ చేస్తే చిత్రం మధ్యబిందువు జరిగిపోతుంది, కెమెరా ఎటు చూస్తోందన్న ఆధారం పోతుంది. స్కానింగ్ యాప్‌లకు ఇంకో ఆసరా ఉంది. ఎదుట ఉన్నది ఏ4 కాగితమే అని పట్టుకుంటే 210కి 297 నిష్పత్తి వాటికి ముందే తెలుసు. పుస్తకం పేజీలా వంపు తిరిగిన కాగితానికి మాత్రం నాలుగు మూలల లెక్క చాలదు, ఎందుకంటే హోమోగ్రఫీకి తెలిసిన ప్రపంచం చదునైనది.

## తిప్పడం వేరు, జరగడం వేరు

చదునైన ప్రపంచం అన్న మాట దగ్గరే నిపుణులు కూడా తడబడతారు. భవనానికి బాల్కనీలుంటాయి, ముందు చెట్లుంటాయి. అన్నీ ఒకే సమతలంలో లేవు. మరి గోడను నిలబెట్టే దిద్దుబాటు చెట్టును పాడుచేయదా?

చేయదు, కెమెరా ఉన్న చోటు మారకూడదన్న ఒక్క షరతు మీద. కెమెరాను 30 డిగ్రీలు ఎత్తి తీసిన ఫొటోను, అదే చోట కెమెరా సమతలంగా ఉండి ఉంటే వచ్చే ఫొటోగా మార్చడమే ఈ దిద్దుబాటు. రెండు సందర్భాల్లోనూ కాంతి వచ్చి చేరింది ఒకే బిందువుకు. ఏ కిరణం ఏ వస్తువు నుంచి వచ్చిందన్నది మారదు, ఆ కిరణాలను అడ్డుకునే పలక ఏ కోణంలో ఉందన్నదే మారుతుంది. అందుకే దగ్గరి చెట్టు, దూరపు గోడ, మధ్యలో బాల్కనీ అన్నీ ఒకే హోమోగ్రఫీతో ఖచ్చితంగా సరిపోతాయి. ఊహ ఏమీ లేదు. కేవలం సాఫ్ట్‌వేర్‌తో నిలబెట్టిన ఫొటో కల్పితమని కొట్టిపారేసే వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే.

షిఫ్ట్ లెన్స్ చేసేదీ ఇదే. పెద్ద ఫార్మాట్ కెమెరాల్లో లెన్స్ పలకను పైకి జరిపే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. 35 మి.మీ. కెమెరాలకు నికాన్ 1960ల మొదట్లో అలాంటి లెన్స్ తెచ్చింది. సెన్సర్‌ను గోడకు సమాంతరంగా ఉంచి, లెన్స్‌ను మాత్రం పైకి జరుపుతారు. మన భవనం పైకొస, సమతలంగా ఉన్న 24 మి.మీ. లెన్స్‌లో కేంద్రానికి 29.6 మి.మీ. దూరంలో పడుతుంది. నిలువుగా పట్టుకున్న సెన్సర్ కేంద్రం నుంచి 18 మి.మీ. వరకే అందుకుంటుంది. లెన్స్‌ను 12 మి.మీ. జరిపితే 30 మి.మీ. దాకా అందుతుంది, భవనం కొద్దిలో ఇమిడిపోతుంది. ఆ ఫొటో, సాఫ్ట్‌వేర్‌తో దిద్దిన ఫొటో జ్యామితిపరంగా ఒకటే. తేడా పిక్సెళ్లలో ఉంటుంది.

రెండూ చేయలేని పని ఒకటే. బాల్కనీ అడుగుభాగం ఫొటోలో కనిపిస్తూ ఉంటే, గోడను నిలబెట్టాక కూడా కనిపిస్తూనే ఉంటుంది. మీరు కింద నుంచి చూశారు కాబట్టి. పక్క నుంచి తీసిన తలుపును దీర్ఘచతురస్రంగా దిద్దినా, ద్వారబంధం లోపలి పక్క ఒక వైపే కనిపిస్తుంది. ఎదురుగా చూసినప్పుడు ఏది దేనికి అడ్డొస్తుందో ఆ సమాచారం ఫొటోలో లేదు.

సెల్ఫీ ముక్కు సంగతి ఇప్పుడు తేలుతుంది. ముక్కు కొన నుంచి చెవుల వరకు లోతు 10 సెంటీమీటర్లనుకుందాం. ఫోన్ ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు 40 దగ్గర ఉన్నాయి. చెవులతో పోలిస్తే ముక్కు 33 శాతం పెద్దదిగా పడుతుంది. 150 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఆ తేడా 7 శాతం లోపే. అంటే సెల్ఫీని సరిచేయాలంటే కెమెరా వెనక్కి జరగాలి. అది తిప్పడంతో రాదు. 2016లో ప్రిన్స్‌టన్, అడోబీ పరిశోధకులు ముఖం త్రీడీ ఆకారాన్ని అంచనా వేసి, కెమెరా దూరం మారినట్టు చూపే పద్ధతిని ప్రచురించారు. అక్కడ ఆకారం అంచనానే. దగ్గరి ఫొటోలో చెంపల వెనక దాగిపోయిన చెవి భాగం ఎలా ఉందో ఏ లెక్కా చెప్పలేదు.

## అంచున సాగిపోయే తలలు

నాలుగో సందర్భం చిత్రమైనది. 24 మి.మీ. లెన్స్‌తో అడ్డంగా తీసిన గ్రూప్ ఫొటోలో సెన్సర్ అంచు కేంద్రానికి 18 మి.మీ. దూరం. 18, 24, 30 భుజాలున్న లంబకోణ త్రిభుజం అది. ఆ కోణంలో బొమ్మ కేంద్రంతో పోలిస్తే నిలువుగా 30/24, అంటే 1.25 రెట్లు, అడ్డంగా దానికి వర్గం, సుమారు 1.56 రెట్లు సాగుతుంది. గుండ్రని తల ఎత్తు కంటే 25 శాతం ఎక్కువ వెడల్పుతో వస్తుంది. మూలలో అయితే 35 శాతం.

దీన్ని లెన్స్ లోపమనలేం. ఫొటోను 36 సెంటీమీటర్ల వెడల్పున ముద్రించి, మధ్యభాగానికి ఎదురుగా 24 సెంటీమీటర్ల దూరంలో కన్ను పెట్టి చూస్తే అంచున ఉన్న తల ఏటవాలుగా కనిపించి మళ్లీ గుండ్రంగా అవుతుంది. అంత దగ్గర నుంచి ఎవరూ చూడరు కాబట్టి సాగుదల కనిపిస్తుంది.

దీనికి మందు వేయాలంటే ఒకటి వదులుకోవాలి. గీతలన్నీ తిన్నగా ఉండాలంటే అంచుల ఆకారాలు సాగుతాయి. ఆకారాలు సరిగా ఉండాలంటే గీతలు వంగుతాయి. దృశ్యాన్ని చదునైన చిత్రం మీదికి దించే పద్ధతిని ప్రొజెక్షన్ అంటారు. స్టీరియోగ్రాఫిక్ ప్రొజెక్షన్ తలలను గుండ్రంగా ఉంచి గోడలను వంచుతుంది. 18వ శతాబ్దపు చిత్రకారుడు పానీని పేరు పెట్టుకున్న ప్రొజెక్షన్ నిలువు గీతలను, కేంద్రం గుండా పోయే గీతలను తిన్నగా ఉంచి, మిగతా అడ్డ గీతలను వంచుతుంది. హుగిన్ అనే ఉచిత పనోరమా సాఫ్ట్‌వేర్‌లో అది దొరుకుతుంది. 2019లో గూగుల్ పరిశోధకులు ఫోన్ల కోసం చెప్పిన పద్ధతి, ముఖాలున్న చోట స్టీరియోగ్రాఫిక్, వెనక గోడలున్న చోట మామూలు పర్‌స్పెక్టివ్ వాడి రెండింటినీ మెల్లగా కలుపుతుంది. నాకు ఇది ముచ్చటైన రాజీ అనిపిస్తుంది, కానీ రాజీయే. ముఖం పక్కనే తలుపు అంచు ఉంటే ఆ అంచు వంగే ప్రమాదం ఉంది.

భవనాలకూ దీనికీ చుట్టరికం ఉంది. కెమెరాను సాఫ్ట్‌వేర్‌లో కిందికి తిప్పి సమతలం చేసినప్పుడు పై అంతస్తులు చిత్రకేంద్రం నుంచి ఇంకా దూరం జరుగుతాయి. అంటే ఈ సాగుదల వాటికి ఎక్కువగా అంటుకుంటుంది.

## కొత్త పిక్సెళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

పైకొస 2,160 పిక్సెళ్ల నుంచి 3,920 అయింది. పై 10 మీటర్ల 1,570 వరుసలు దాదాపు 3,270 వరుసలయ్యాయి. కొత్తవన్నీ చుట్టుపక్కల పిక్సెళ్ల మధ్య లెక్కగట్టి నింపినవి. బైక్యూబిక్, లాంక్జోస్ వంటి పద్ధతులు ఆ నింపడాన్ని నున్నగా చేస్తాయే తప్ప లేని వివరాన్ని తేలేవు. అందుకే దిద్దిన ఫొటోల్లో పై అంతస్తులు మెత్తగా కనిపిస్తాయి. షిఫ్ట్ లెన్స్ గెలిచేది ఇక్కడ. అక్కడ పైకొసకు సెన్సర్ మీద నేరుగా చోటు దక్కుతుంది. ఫొటోను దిద్ది, సేవ్ చేసి, మళ్లీ దిద్దితే ఈ మెత్తదనం పేరుకుపోతుంది. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ వంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రతిసారీ అసలు ఫైల్ నుంచే లెక్క మొదలుపెట్టడం వల్ల ఆ నష్టం ఒక్కసారితో ఆగుతుంది.

రెండో ఖర్చు క్రాప్. నిలబెట్టిన చిత్రం కింద ఇరుకు, పైన వెడల్పుగా ఉన్న ట్రెపీజియం. కింది రెండు మూలల్లో ఖాళీ త్రికోణాలు మిగులుతాయి. వాటిని కోసేస్తే మన ఉదాహరణలో ఫ్రేము భవనం అంచుల దాకా వచ్చేస్తుంది, పక్కన ఆకాశం కూడా మిగలదు. తీసేటప్పుడే చుట్టూ చోటు వదిలిన ఫొటో దిద్దుబాటును హాయిగా తట్టుకుంటుంది. ఖాళీలను ఏఐతో నింపే సౌకర్యం ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. దాన్ని, హోమోగ్రఫీని ఒకే గాటన కట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఒకటి కెమెరాకు అందిన కిరణాలను వేరే పలక మీదికి తెస్తుంది, రెండోది అందని వాటిని ఊహిస్తుంది.

## ఆటోమేటిక్ బటన్ ఏం చూస్తుంది, ఎప్పుడు మోసపోతుంది

లైట్‌రూమ్‌లో 2013లో వచ్చిన అప్‌రైట్ సౌకర్యం చిత్రంలోని తిన్నని గీతలను వెతికి, అవి ఎక్కడ కలుస్తాయో లెక్కవేసి, కెమెరా ఎంత వాలిందో పసిగడుతుంది. 2016లో చేర్చిన గైడెడ్ పద్ధతిలో ఏవి నిలువు, ఏవి అడ్డం అన్నది మనమే గీతలు గీసి చెబుతాం. డార్క్‌టేబుల్ కూడా గీతలు వెతికే దారిలోనే నడుస్తుంది. గింప్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పర్‌స్పెక్టివ్ పరికరానికి రెండు దిశలున్నాయి. మామూలు దిశలో మూలలు లాగి చిత్రాన్ని వాలుస్తాం. దిద్దుబాటు దిశలో వాలి ఉన్న వస్తువు మీద గీతల వలను సరిగ్గా అమరిస్తే అది తిన్ననవుతుంది. కొత్తవాళ్లు మొదటి దిశలో మూలలను అంచనాతో లాగుతూ అవస్థపడుతుంటారు.

ఫొటోషాప్‌లోని పర్‌స్పెక్టివ్ వార్ప్‌ను విడిగా చూడాలి. భవనం మూల మీద రెండు గోడలుంటే ఒక్కో గోడకు ఒక్కో చతుర్భుజం గీసి విడివిడిగా మార్చనిస్తుంది. రెండు గోడలకు రెండు వేర్వేరు హోమోగ్రఫీలు పడినప్పుడు ఆ చిత్రం ఏ ఒక్క చోట నిలబడి చూసిందీ కాకుండా పోవచ్చు. రెండు ఫొటోలను కలిపి కొత్త చిత్రం తయారుచేయడానికి అది గొప్ప పరికరం. ఉన్న ఫొటోను దిద్దడానికి వాడితే జాగ్రత్త అవసరం.

ఏ ఆటోమేటిక్ పద్ధతికైనా గీతలే సాక్షులు. సాక్షి తప్పు చెబితే తీర్పూ తప్పుతుంది. పైకి సన్నబడేలా కట్టిన లైట్‌హౌస్ అంచులను నిలువనుకుంటే అది స్తంభమైపోతుంది. ఇటలీలోని పీసా గోపురం నిజంగానే దాదాపు 4 డిగ్రీలు ఒరిగి ఉంది. దాన్ని నిటారుగా నిలబెడితే చుట్టూ ఉన్న భవనాలు ఒరుగుతాయి.

## పూర్తిగా నిలబెట్టాలా, కొంత వదలాలా

పట్టాలు దూరాన కలిస్తే ఎవరూ ఫిర్యాదు చేయరు. గోడలు పైన కలిస్తే కన్ను ఒప్పుకోదు. తల పైకెత్తి చూసినప్పుడు మెడకు, లోచెవికి ఆ సంగతి తెలుసు కాబట్టి మెదడు గోడను నిలువుగానే లెక్కిస్తుంది. ఫొటో చూసేటప్పుడు తల ఎత్తలేదు. పైగా ఫ్రేము అంచు నిటారుగా పక్కనే ఉండి ప్రతి వాలునూ పట్టిస్తుంది. భవనాల ఫొటోగ్రాఫర్లలో చాలామంది నిలువు గీతలు నిలువుగానే ఉండాలని పట్టుబట్టడానికి ఇదొక కారణం. ఫొటో మీద కొలతలు తీసుకునే వాళ్లకైతే ఇందులో ఎంపికే లేదు.

పూర్తిగా నిలబెడితే భవనం ముందుకు తూలినట్టు, తల బరువెక్కినట్టు ఉంటుందని ఇంకో పక్షం అంటుంది. ఈ మాటలో కూడా నిజముంది, మన లెక్కే దాన్ని చూపిస్తుంది. దిద్దిన ఫొటోలో భవనం తెర మీద 20 సెంటీమీటర్ల ఎత్తుందనుకోండి. అది సరిగ్గా కనిపించాలంటే కన్ను తెరకు 15 సెంటీమీటర్ల దూరంలో, దాదాపు భవనం అడుగుకు ఎదురుగా ఉండాలి. ఎందుకంటే అసలు కెమెరా ఉన్నది అక్కడే. మనం 50 సెంటీమీటర్ల దూరం నుంచి, చిత్రం మధ్యకు ఎదురుగా చూస్తాం. అక్కడి నుంచి పై అంతస్తులు ఉండాల్సిన దానికంటే పెద్దవిగా అనిపించడంలో వింతేముంది?

అడోబీ, దక్షిణ కొరియాలోని పోహాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఆటోమేటిక్ దిద్దుబాటు మీద ప్రచురించిన పత్రంలోనూ ఈ బేరం కనిపిస్తుంది. నిలువు గీతలను ఫ్రేముకు సమాంతరం చేయడం వాళ్లు పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. దిద్దుబాటు వల్ల చిత్రం మరీ సాగకుండా చూడటం ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి, మధ్యలో ఎక్కడో ఆగాలి.

ఎక్కడ ఆగాలన్నది వాలు ఎంతన్న దాన్ని బట్టి ఉంటుందని నా అనుభవం. అదే భవనాన్ని 15 మీటర్ల నుంచి కాక 40 మీటర్ల నుంచి, కెమెరాను 10 డిగ్రీలు మాత్రమే ఎత్తి తీస్తే పైకొస వెడల్పు అడుగు వెడల్పులో 92 శాతం ఉంటుంది. అంత చిన్న వాలును పూర్తిగా సరిచేస్తే ఎవరికీ తెలియదు, వదిలేస్తే పొరపాటులా కనిపిస్తుంది. 30 డిగ్రీల వాలును నేను పూర్తిగా నిలబెట్టను. కొంత వాలు మిగిల్చి, నిష్పత్తి స్లైడర్‌తో ఎత్తును కాస్త తగ్గిస్తాను. 50 డిగ్రీలు ఎత్తి, ఆకాశంలోకి దూసుకుపోయే గోడల కోసమే తీసిన ఫొటో అయితే ఆ స్లైడర్ జోలికే పోను. అక్కడ కలిసే గీతలే ఆ ఫొటో.